మీ డబ్బు సరే, వాళ్ల డబ్బెంత?

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒక ప్రశ్న పంపారు. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో వచ్చిన ఆయన కథలు పద్దెనిమిది పోగయ్యాయి. పుస్తకంగా వేద్దామని పేరున్న ప్రచురణ సంస్థలకు పంపితే రెండేళ్లుగా ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడొక సంస్థ తమది హైబ్రిడ్ పద్ధతి అంటూ 500 కాపీలకు 85 వేలు కట్టమంది. ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద వేసే గుర్తింపు నంబరు), కాపీరైట్, ప్రపంచవ్యాప్త పంపిణీ, నూటికి నూరు శాతం రాయల్టీ అన్నీ అందులోనేనట. ఇది మోసమా, న్యాయమైన బేరమా, అసలు హైబ్రిడ్ అంటే రచయితకు ఒరిగేదేమిటి అని అడిగారు.

మాస్టారూ, నేను విజయవాడ గవర్నర్‌పేటలో అలాంటి చిన్న సంస్థే నడుపుతున్నాను. పన్నెండేళ్లయింది. ఏడాదికి పది పుస్తకాలు వేస్తాం, అంతకుమించి వేయలేం. ఉండేది ముగ్గురం: నేను, లేఔట్ చేసే అమ్మాయి, లెక్కలూ పార్సిళ్లూ చూసే మా బావమరిది. కాబట్టి నా మాటల్లో నా వ్యాపారం వైపు కొంత మొగ్గు ఉంటుంది, అది తీసేసుకుని చదవండి.

ఈ పనిలోకి నేను వచ్చింది కూడా దెబ్బ తినే. 2009లో నా కవితలు నేనే అచ్చు వేయించుకున్నాను. తక్కువ వేస్తే గిట్టదని ప్రెస్ వాళ్లు అంటే వెయ్యి కాపీలు వేయించాను. ఆవిష్కరణ రోజున వంద పంచాను, బంధువులకు మరో వంద. ఏలూరు రోడ్డు మీద రెండు షాపుల్లో ఇచ్చిన ఎనభైకి డబ్బులు అడగడానికి మొహమాటపడ్డాను. మిగిలినవి అటకెక్కాయి. మూడేళ్ల తర్వాత దించితే కింది రెండు కట్టలకు చెదలు. ప్రెస్ వాళ్లు నన్ను మోసం చేయలేదు. చెప్పిన రేటుకు, చెప్పిన రోజుకు, మంచి అచ్చు ఇచ్చారు. వాళ్ల పని అక్కడితో అయిపోయింది, నా పని ఏమిటో నాకు తెలియలేదు, అంతే.

డబ్బు అడిగారు కాబట్టి మోసం అనుకోకండి. తెలుగులో రచయిత సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం ఎప్పట్నుంచో ఉన్నదే. పాత పుస్తకాల షాపులో ఓ గంట నిలబడి వెనక పేజీలు తిరగేయండి, అమ్మ పేరుతోనో, పోయిన నాన్న పేరుతోనో ఉన్న 'పబ్లికేషన్స్' ఎన్ని కనబడతాయో. చాలావాటికి అదే మొదటి పుస్తకం, అదే ఆఖరి పుస్తకం. అక్కడ ఖర్చంతా రచయితదే, తిప్పలూ రచయితవే. పాతకాలం ప్రచురణకర్త దగ్గరైతే ఖర్చంతా ఆయనదే, రచయితకు వెలలో పది శాతం ప్రాంతంలో రాయల్టీ. హైబ్రిడ్ అంటే ఈ రెంటికీ మధ్య: ఖర్చు ఇద్దరిదీ, రాబడి ఇద్దరిదీ, వచ్చిన రాతప్రతినల్లా తీసుకోకుండా ఏరుకునే బాధ్యత సంస్థది. అమెరికాలో స్వతంత్ర ప్రచురణకర్తల సంఘం ఒకటి 2018లో హైబ్రిడ్ సంస్థకు ఉండాల్సిన లక్షణాలు రాసిపెట్టింది, 2022లో వాటిని పెంచి సవరించింది. రాతప్రతుల్ని వడపోయాలి, సొంత ప్రచురణ పేరు మీద, సొంత ఐఎస్‌బీఎన్‌తో వేయాలి, పంపిణీ చేయాలి, రచయితకు మామూలు రాయల్టీ కంటే ఎక్కువ ఇవ్వాలి అని అందులో ఉంటుంది. మన దగ్గర అలాంటి కట్టుబాటు ఏదీ లేదు గనక ఎవరైనా బోర్డు మీద హైబ్రిడ్ అని రాయించుకోవచ్చు.

అందుకని మీరు ఆ సంస్థను అడగాల్సింది ఒకటే: "నా పుస్తకంలో మీరు పెట్టే డబ్బెంత?" సున్నా అయితే, మీరు చెక్కు ఇచ్చిన రోజే వాళ్ల లాభం వాళ్లకు వచ్చేసినట్టు. ఆ తర్వాత ఒక్క కాపీ అమ్మడానికి కూడా వాళ్లు బస్సెక్కాల్సిన పనిలేదు.

మా లెక్క ఎలా ఉంటుందో నిరుడు వేసిన ఒక కథల సంపుటితో చెబుతాను, రౌండు అంకెల్లో. డెమీ సైజు, అంటే మామూలు కథల పుస్తకాల సైజు, 192 పేజీలు. అచ్చులో 16 పేజీలు ఒక ఫారం, అంటే పన్నెండు ఫారాలు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత) నేచురల్ షేడ్ కాగితం, 300 జీఎస్‌ఎం ఆర్ట్ బోర్డు కవరు, మ్యాట్ లామినేషన్. ఎడిటింగ్‌కు 12 వేలు, రెండు ప్రూఫులకు 6 వేలు, లేఔట్‌కు ఆరున్నర వేలు, కవరు బొమ్మకూ డిజైన్‌కూ 6 వేలు. 500 కాపీల అచ్చు, బైండింగ్ కాపీకి 72 చొప్పున 36 వేలు. మొత్తం 66,500. రచయిత్రి 40 వేలు పెట్టారు, మిగతా 26,500 మాది. అంటే అరవై, నలభై పాళ్లు. రాబడి కూడా అదే పాళ్లలో పంచుకోవాలని ఒప్పందం.

పుస్తకం వెల 200. యాభై కాపీలు ఆవిడకిచ్చాం. సమీక్షలకు, లైబ్రరీలకు, మూలలు నలిగి పాడైనవాటికి ముప్పై పోయాయి. అమ్మకానికి మిగిలినవి 420. షాపుల్లో పోతే వాళ్ల 40 శాతం పోను మన చేతికి 120. మేం నేరుగా అమ్మితే పది శాతం తగ్గించి 180. సగం అటూ సగం ఇటూ అనుకుంటే 63 వేలు. చివరి కాపీ దాకా అమ్మినా పెట్టుబడికి మూడున్నర వేలు తక్కువే వచ్చాయన్నమాట.

ఇది చూపించగానే చాలామంది రచయితలు నీరసపడతారు. కొందరు లేచి వెళ్లిపోయారు కూడా. కానీ మొదటి ముద్రణలో పుస్తకం తయారీ ఖర్చు దాదాపు తీరిపోతుంది. ఎడిటింగ్, లేఔట్, కవరు మళ్లీ చేయక్కర్లేదు. రెండోసారి 300 కాపీలు వేస్తే కాపీకి 80 పడినా 24 వేలు, అన్నీ పోతే వచ్చేది 45 వేలు. మాకు లాభం అనేది అక్కడ మొదలవుతుంది. రెండో ముద్రణ దాకా వెళ్లకపోతే మా శ్రమ గిట్టదు, అందుకే అక్కడిదాకా తోసుకెళ్లాలని చూస్తాం. అన్నీ వెళతాయా అంటే వెళ్లవు. మా పది పుస్తకాల్లో మూడో నాలుగో వెళతాయి.

మీకు చెప్పిన 85 వేలలో ఏ పనికి ఎంతో విడివిడిగా కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వలేమంటే అక్కడే ఆగిపోండి.

ఇక మేం చేసే పనుల్లో డబ్బుకు తగ్గ విలువ దేనికి ఉందంటే, నా మటుకు నాకు ఎడిటింగ్‌కే. తెలుగులో ఎక్కువ పుస్తకాలు ఎడిటర్ కంట పడకుండానే అచ్చవుతాయి. అచ్చుతప్పులు దిద్దడాన్నే ఎడిటింగ్ అనుకుంటాం. మీ ప్యాకేజీలో 'ఎడిటింగ్' అని ఉంటే అది ప్రూఫు చూడటమేనేమో కనుక్కోండి. మా దగ్గర ఒకసారి పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరైన ఒకాయన పందొమ్మిది కథలు తెచ్చారు. గ్రేడింగ్ చేసే ఆడవాళ్ల మాటలు, బేళ్ల లెక్కలు, వేలం రోజు రైతు మొహం, అన్నీ కళ్లకు కట్టాయి. కానీ ఏడు కథల్లో ఆ పొగాకు వాసనే లేదు, ఎక్కడో చదివినట్టున్నాయి. పన్నెండే వేద్దామన్నాం. ఒక కథ మూడో పేజీ నుంచి మొదలుపెడదామన్నాం, ముందు రెండు పేజీలు ఊరి వర్ణన. ఆయనకు కోపం వచ్చి రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఓ ఆదివారం పూట వచ్చి, "ఆ రెండు పేజీలు మా ఆవిడ కూడా ఎప్పుడూ చదవలేదు లెండి" అన్నారు. పుస్తకం రెండు ముద్రణలు అయింది.

ఎడిటర్ చేయకూడని పని కూడా ఒకటుంది. మీ పాత్రలు గుంటూరు జిల్లా మాట మాట్లాడితే దాన్ని పత్రికల భాషలోకి దిద్దకూడదు. మేం మొదట్లో ఆ తప్పు చేశాం. అన్ని సంభాషణలూ ఒకే స్పెల్లింగులోకి తెచ్చేసరికి తాతా మనవడూ ఒకేలా మాట్లాడారు. ఇప్పుడు ప్రతి పుస్తకానికీ ఒక కాగితం రాసుకుంటాం, ఈ రచయిత ఏ మాట ఎలా రాస్తారో, ఎక్కడ వదిలేయాలో. ప్రూఫు చూసేవారి టేబుల్ మీద అది ఉండాల్సిందే.

ముందుమాటల సంగతి కూడా చెప్పేస్తాను. నలుగురు పెద్దల చేత నాలుగు ముందుమాటలు రాయించడం మనకో సరదా. నాలుగూ కలిపి పద్దెనిమిది పేజీలు, అంటే ఒక ఫారం పైనే. పైగా ముందుమాటలోనే కథలన్నీ చెప్పేస్తారు. మేం ఒక్కటి ఒప్పుకుంటాం, నాలుగు పేజీలు దాటకుండా. దీని మీద వచ్చినన్ని తగాదాలు మాకు డబ్బు మీద కూడా రాలేదు.

లేఔట్ గురించి ఒక మాట గట్టిగా అడగండి: యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లో, ఏ ఫోన్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) చేస్తారా, పాత అను ఫాంట్లలోనా? మన వైపు డీటీపీ సెంటర్లలో అను, పేజ్‌మేకర్ చాలా ఏళ్లు ఏలాయి, ఇప్పటికీ ఉన్నాయి. కాగితం మీద అందంగానే వస్తుంది. రేపు అదే పుస్తకాన్ని ఈబుక్ చేయాలన్నా, ఒక కథ ఎవరికైనా మెయిల్‌లో పంపాలన్నా కన్వర్టర్లో వేయాలి, అప్పుడు ఒత్తులు జారిపోతాయి, గుణింతాలు మారిపోతాయి. మా మొదటి ఏడాది పుస్తకాలు మూడు ఇలా మళ్లీ అక్షరం అక్షరం చూసుకోవాల్సి వచ్చింది. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, సురవరం లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. అలాగని యూనికోడ్ అంటే దిగుల్లేదని కాదు. 'బస్‌స్టాండ్' అని టైప్ చేసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని విడదీసే అక్షరం వేయకపోతే 'బస్స్టాండ్' అయి కూర్చుంటుంది. ఇంగ్లిష్ మాటలు ఎక్కువున్న కథల్లో ఇవి పేజీకి నాలుగైదు ఉంటాయి. పని పూర్తయ్యాక పీడీఎఫ్‌తో పాటు అసలు లేఔట్ ఫైలు కూడా మీకు ఇవ్వాలి. డబ్బులు కట్టింది మీరు.

ఇప్పుడు ఆ ప్యాకేజీలో ఊరించిన వస్తువులు ఒక్కొక్కటీ చూద్దాం. ఐఎస్‌బీఎన్‌కు మన దేశంలో రుసుము లేదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకుని ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగా కూడా పెట్టుకోవచ్చు. సంస్థ తన నంబరు వేయడం మామూలే, అందులో తప్పులేదు. దానికి విడిగా డబ్బు అడిగితేనే తప్పు. కాపీరైట్ సంగతీ అంతే. మీరు కథ రాసిన క్షణమే అది మీది, మీ తర్వాత మరో 60 ఏళ్లు మీ వారసులది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకోవాలనుకుంటే సాహిత్య రచనకు ప్రభుత్వ రుసుము 500 రూపాయలు. 'ప్రపంచవ్యాప్త పంపిణీ' అంటే మామూలుగా ఆన్‌లైన్ షాపులో ఒక పేజీ. ఆ పేజీ మీద కొన్నది ఎవరో తర్వాత చూస్తే, రచయిత మేనల్లుడు, ఆయన స్నేహితుడు. కిండిల్ 2016 డిసెంబర్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు ఈబుక్ కూడా వేస్తామంటే ఎక్కడ పెడతారో అడగండి. నూరు శాతం రాయల్టీ అన్నదాంట్లో, నూరు శాతం దేనిలో అని అడగండి. వెలలోంచి షాపు కమీషన్, అచ్చు ఖర్చు, 'హ్యాండ్లింగ్' అన్నీ కోసుకుని మిగిలిన దాంట్లో అయితే ఆ నూరు ఎంతకైనా దిగొచ్చు.

ఒప్పందం కాగితం మీద లేకుండా రూపాయి ఇవ్వకండి. కాపీరైట్ చట్టం (1957) 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతానికి అన్నది అందులో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. మేం తీసుకునేది మూడేళ్లకు, తెలుగు అచ్చు హక్కు ఒక్కటే. అనువాదం, ఆడియో, సినిమా రచయిత దగ్గరే ఉంటాయి. మీ కథ ఏ వెబ్ సిరీస్ వాళ్లకో నచ్చితే ఆ డబ్బుతో మాకు పనేమిటి? 'అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా' అనే వాక్యం కనబడితే పెన్ను మూత పెట్టేయండి. అమ్మకాల లెక్క ఆరు నెలలకోసారి ఇస్తామని, ఒప్పందం ముగిస్తే మిగిలిన కాపీలు అచ్చు ధరకు మీకిస్తామని కూడా రాయించండి.

అచ్చయిన తర్వాతి పని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, చెప్పుకోవడానికి అందంగా ఉండదు కాబట్టి. ఇంకో చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కో కాపీ మన ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకునే రచయితలు చాలామందికి ఈ సంగతే తెలియదు. ఏలూరు రోడ్డు షాపుల్లో పుస్తకం ఇవ్వడం పదినిమిషాల పని, నాలుగు నెలల తర్వాత వెళ్లి ఎన్ని పోయాయో లెక్కపెట్టి డబ్బు తెచ్చుకోవడమే అసలు పని. రచయితకు అక్కడ మొహమాటం, మా బావమరిదికి లేదు. మేం అన్ని పుస్తకాలకూ కలిపి వెళతాం కాబట్టి షాపు వాళ్లూ విసుక్కోరు.

జనవరిలో విజయవాడ బుక్ ఫెస్టివల్ మాకు పంట చేతికొచ్చే కాలం. 1989 నుంచి జరుగుతోంది. స్వరాజ్ మైదానంలో ఉన్నప్పటి సందడి వేరు, ఇప్పుడక్కడ అంబేడ్కర్ స్మృతివనం వచ్చింది, ఫెస్టివల్ వేరే చోట్లకు మారింది, అయినా జనం వస్తున్నారు. ఒక్క రచయిత స్టాలు తీసుకుంటే గిట్టదు. పది పుస్తకాలున్న సంస్థకు గిడుతుంది. సాయంత్రం పూట రచయితను స్టాల్లో కూర్చోబెడతాం. ఏం మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చుని, పుస్తకం తీసిన మనిషిని "మీదే ఊరండీ" అని అడిగితే చాలు. రేపల్లె అనో పిడుగురాళ్ల అనో చెబుతారు, మాట కలుస్తుంది. ఆ పదకొండు రోజుల్లో పోయినన్ని కాపీలు తర్వాత ఆరు నెలల్లో పోవు.

పోస్టు విషయంలో మధ్యలో కొంతకాలం టెన్షన్ పడ్డాం. పుస్తకాలకు చవగ్గా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబర్‌లో ఎత్తేశారు. రెండువందల రూపాయల పుస్తకానికి కొరియర్ ఖర్చు డెబ్భై అంటే ఎవరు తెప్పించుకుంటారు? 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. పాఠ్యపుస్తకాలతో పాటు సామాజిక, సాంస్కృతిక, మత గ్రంథాలకు వర్తిస్తుంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100, పన్ను అదనం. 192 పేజీల డెమీ పుస్తకం ప్యాకింగుతో కలిపి 300 గ్రాముల లోపే తూగుతుంది. అందుకే ఇప్పుడు పేజీలు నిర్ణయించేటప్పుడే మా లేఔట్ అమ్మాయి తూకం కూడా చూస్తుంది. జ్ఞాన్ పోస్ట్‌లో వెళ్లాలంటే పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రెస్ పేరో ఉండాలి, లోపల ప్రకటనలు ఉండకూడదు.

మా వల్ల కానివి కూడా చెప్పాలి కదా. అవార్డు తెప్పించలేం. పత్రికల్లో సమీక్ష వస్తుందని మాట ఇవ్వలేం, పుస్తకం పంపి ఒకసారి గుర్తు చేయగలం. ప్రభుత్వ లైబ్రరీలు కొంటే అదృష్టం, దాన్ని లెక్కలో వేసుకుని వెల పెట్టడం తెలివితక్కువ. ఆవిష్కరణ సభ పెట్టాలంటే హాలు చూసిపెడతాం, శాలువాల ఖర్చు మీదే.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఆ సంస్థ రెండేళ్ల కిందట వేసిన పుస్తకాలు మూడు కొనండి, కొత్తవి వద్దు. కాగితం, బైండింగ్, పేజీకి ఎన్ని తప్పులున్నాయో చూడండి, మీరు తెలుగు మాస్టారు, మీకు ఇంకొకరు చెప్పాలా. ఆ ముగ్గురు రచయితలకూ ఫోన్ చేసి, చివరిసారి లెక్క ఎప్పుడు చెప్పారు, డబ్బు ఎప్పుడు వచ్చింది అని అడగండి. "నాకే గుర్తులేదండీ" అని ఇద్దరు అంటే మీ 85 వేలు బ్యాంకులోనే ఉంచండి.

ఈలోగా పద్దెనిమిది కథలూ మీరే ఒకసారి వరసగా చదవండి, ఇరవై ఏళ్ల కిందట రాసినవి ముందు. ఆరేడు మీరే పక్కన పెడతారని నా అనుమానం. మీదీ పన్నెండు ఫారాల పుస్తకమే అనుకుంటే, అప్పుడవి కాస్తా ఎనిమిదవుతాయి, ఖర్చు లెక్క కూడా మారిపోతుంది. ఆ లెక్క వేయడానికి మా ఆఫీసుకు వచ్చినా సరే, గుంటూరులోనే ఏదైనా ప్రెస్‌లో అడిగినా సరే. రాతప్రతి రెండు కాపీలు తెచ్చుకోండి, ఒకదాని మీద గీతలు పడతాయి.